రాయలవారు సన్నగా ఉండేవారు కాదు! ఒత్తిడి, ఒంటి బరువు, అహోబిల నరసింహుడు

ఓం నమో నారసింహాయ.

మన ఛానల్‌లో అహోబిలం వీడియో చూసినవాళ్లకి ఈ పోస్టు దానికి తోడు. చూడనివాళ్లు కూడా నేరుగా చదివేయొచ్చు, ఇబ్బంది లేదు.

ఈసారి విషయం కొంచెం వేరు. గుడి గురించి ఉంది, రాజు గురించి ఉంది, కానీ అసలు విషయం మన ఒంటి బరువు. ఉద్యోగంలో చేరిన రెండేళ్లకే పది కిలోలు పెరిగినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. పరీక్షలప్పుడో, ఇంట్లో ఏదో కష్టం వచ్చినప్పుడో చిక్కి సగమైపోయినవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ పెళ్లిళ్లలో ఎదురయ్యే మాట ఒకటే. ఏంటి ఇలా అయిపోయావ్ అని. దాంతో ఉన్న టెన్షన్‌కి ఇంకో టెన్షన్ కలుస్తుంది.

మన పెద్దవాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. బెంగతో చిక్కిపోయాడు అంటారు. దిగులు తినేస్తోంది అంటారు. మనసు మీద పడిన భారం ఒంటి మీద కనిపిస్తుందని మన భాషే చెబుతోంది. మరి ఆ భారాన్ని ఏం చేయాలి? దీనికి జవాబు వెతుక్కోవడానికి మనకి బాగా తెలిసిన ఒక మనిషి జీవితం చూద్దాం. ఆయన శ్రీకృష్ణదేవరాయలు.

సినిమాల్లో చూసిన రాయలు కాదు. తెల్లవారుజామున చెమటలు కారేలా కసరత్తు చేసిన రాయలు, అహోబిలం వచ్చి నరసింహుడికి నగలు సమర్పించిన రాయలు, చివరికి కొడుకు పోయిన దుఃఖంలో తండ్రిలాంటి మనిషినే దూరం చేసుకున్న రాయలు.

సింహాసనం ఎక్కిన రోజు నుంచే టెన్షన్

రాయలవారు తుళువ వంశం వారు. తండ్రి నరస నాయకుడు, తల్లి నాగలాంబ. అన్న వీరనరసింహరాయల తర్వాత 1509లో విజయనగర సింహాసనం ఎక్కారు. అదేమీ పూలబాట కాదు. ఉత్తరాన సుల్తానులు, తూర్పున గజపతులు, దక్షిణాన ఉమ్మత్తూరు పాలెగాళ్లు. ఇరవై ఏళ్ల పాలనలో ఎక్కువ భాగం గుర్రం మీదే గడిచింది.

అసలు ఆయన రాజు కావడమే ఒక గండం దాటి. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టిన కథ ప్రకారం, చనిపోయే ముందు అన్నగారు తన చిన్న కొడుక్కి రాజ్యం దక్కాలని కోరుకున్నాడట. తమ్ముడి కళ్లు తీయించమని మంత్రి తిమ్మరుసుకి ఆజ్ఞ ఇచ్చాడట. తిమ్మరుసు ఆ పని చేయలేదు. మేక కళ్లు తెచ్చి చూపించి రాయలవారిని కాపాడాడు. ఈ కథ ఎంతవరకు నిజమో చరిత్రకారులు వాదించుకుంటూనే ఉంటారు. కానీ తిమ్మరుసుని రాయలు తండ్రిలా చూసుకున్నారని, అప్పాజీ అని పిలిచేవారని తెలుగు నేలంతా చెప్పుకుంటుంది. ఈ కళ్ల సంగతి గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ వస్తుంది.

చూసినవాడు రాసిన రూపం

1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే ఇంకో పోర్చుగీసు యాత్రికుడు హంపీకి వచ్చాడు. రాయలవారిని దగ్గర నుంచి చూశాడు. ఆయన మన మతం వాడు కాదు, మన రాజుని పొగడాల్సిన అవసరం లేదు. అందుకే ఆయన రాసింది విలువైనది.

పేస్ చూసిన రాయలు మధ్యస్థమైన ఎత్తు, మంచి ఛాయ. ముఖం మీద మశూచి మచ్చలు. ఒళ్లు సన్నం కాదు, కాస్త బొద్దు. అవును, చదివింది నిజమే. దక్షిణ భారతాన్ని గడగడలాడించిన యోధుడు కొంచెం ఒళ్లున్న మనిషే. సిక్స్ ప్యాక్ లేదు.

స్వభావం గురించి కూడా రాశాడు. సరదా మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారు, విదేశీయుల్ని ఆదరించేవారు, న్యాయం తప్పేవారు కాదు. కానీ ఉన్నట్టుండి విపరీతమైన కోపం వచ్చేది. ఈ ఒక్క మాట రాయలవారి జీవితానికి తాళంచెవి లాంటిది. బయటికి నవ్వు, లోపల ఎప్పుడు భగ్గుమంటుందో తెలియని నిప్పు. మనలో ఎంతమందిమి అలా లేము చెప్పండి?

తెల్లవారకముందే సగం రోజు

పేస్ రాసిన రాయలవారి ఉదయం వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఇంకా చీకటి ఉండగానే లేచేవారు. ముందు పావు లీటరుకి పైగా నువ్వుల నూనె తాగేవారు. ఒళ్లంతా అదే నూనె పట్టించుకునేవారు. గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు చేతులతో ఎత్తేవారు. తర్వాత కత్తి సాము. ఒంటికి పట్టిన నూనె అంతా చెమటగా కారిపోయేదాకా ఆపేవారు కాదు. ఆపైన మల్లుడితో కుస్తీ. అదీ అయ్యాక గుర్రం ఎక్కి మైదానంలో తెల్లవారేదాకా స్వారీ.

అప్పుడు స్నానం. ఆయన పూజ్యంగా భావించే ఒక బ్రాహ్మణుడు స్నానం చేయించేవాడు. తర్వాత నేరుగా గుడికి. దైవ దర్శనం అయ్యాకే కొలువు.

ఫ్రెండ్స్, ఇది చదివి ఎవరూ నూనె గ్లాసు ఎత్తకండి! రోజంతా గుర్రం మీద తిరిగే మనిషికి సరిపోయింది, కుర్చీలో పది గంటలు కూర్చునే మనకి సరిపోదు. మనం చూడాల్సింది వరస. ముందు ఒళ్లు కదిలింది, చెమట పట్టింది, స్నానం అయ్యింది, దేవుడి ముందు చేతులు జోడించారు, ఆ తర్వాతే రాజ్యభారం. పొద్దున్నే కళ్లు తెరవగానే ఫోన్‌లో ఆఫీసు మెసేజ్‌లు చూసే మన వరస దీనికి సరిగ్గా తలకిందులు.

ఇంకో సంగతి. ఇంత కసరత్తు రోజూ చేసినా ఆయన ఒళ్లు కాస్త బొద్దుగానే ఉంది. అంటే ఆయన కసరత్తు సన్నబడటానికి కాదు. మోయాల్సిన భారం మోయడానికి.

మనసు భారం ఒంట్లోకి ఎలా దిగుతుంది?

ఇక్కడ కాసేపు ఆగి, డాక్టర్లు చెప్పే సంగతి సింపుల్‌గా చూద్దాం.

మీద పులి పడిందనుకోండి. ఒంట్లో అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది. గుండె దడ, కండరాల బిగింపు, ఆకలి మాయం. పారిపోవాలి కదా, తినడానికి టైమ్ ఎక్కడిది? అందుకే సడన్‌గా వచ్చిన షాక్‌లో చాలామందికి ముద్ద దిగదు.

కానీ ఈ రోజుల్లో పులి రాదు. ఈఎమ్ఐ వస్తుంది, డెడ్‌లైన్ వస్తుంది, అవి నెలల తరబడి ఉండిపోతాయి. అప్పుడు మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిజోల్ అనే హార్మోన్‌ని ఎక్కువగా వదులుతూ పోతాయి. ఇది ఆకలిని పెంచుతుంది. అందులోనూ తీపి, వేపుళ్లు, జిడ్డు పదార్థాలు కావాలనిపిస్తుంది. కొవ్వు ముఖ్యంగా పొట్ట చుట్టూ చేరుతుంది. దానికి తోడు నిద్ర తగ్గితే, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. రాత్రి ఒంటిగంటకి బిర్యానీ ఆర్డర్ పెట్టడం వెనక ఇంత కథ ఉంది.

అందరికీ ఒకేలా జరగదు. ఒకే కష్టంలో ఒకరు లావవుతారు, ఒకరు చిక్కిపోతారు. రెండూ బలహీనత కాదు, రెండూ పాపం కాదు. శరీరం తనకి తెలిసిన పద్ధతిలో మనల్ని కాపాడటానికి చేసే ప్రయత్నం అన్నమాట. కాకపోతే పులి వెళ్లిపోయిందని దానికి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేవాళ్లు లేకపోతే అది కాపలా కాస్తూనే ఉంటుంది.

అహోబిలంలో రాయలు

ఇప్పుడు మన నంద్యాల జిల్లాకి వద్దాం. గజపతుల మీద దండయాత్ర రాయలవారి జీవితంలో పెద్ద పరీక్ష. ఉదయగిరి కోట ముట్టడే ఏడాదికి పైగా సాగింది. 1514లో అది లొంగింది. 1515లో కొండవీడు. ఆ విజయాల మధ్యలో ఆయన పుణ్యక్షేత్రాలు చూసుకుంటూ తిరిగారు. శ్రీశైలంలో మండపాలు కట్టించారు. కళింగ దండయాత్ర సందర్భంలోనే 1515 చివర్లో అహోబిలం వచ్చారు. స్వామికి కంఠహారం, వజ్రాలు పొదిగిన పతకం, బంగారు పళ్లెం, వెయ్యి బంగారు నాణేలు సమర్పించినట్టు అక్కడి శాసనం చెబుతోంది. దిగువ అహోబిలంలో కనిపించే జయస్తంభం కూడా రాయలవారిదే అంటారు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా వెళితే అహోబిలం సుమారు 70 కిలోమీటర్లు. ఆళ్లగడ్డ దాటగానే నల్లమల కొండలు ముందుకొస్తాయి. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరద స్వామి, ఎగువన అహోబిల నరసింహుడు, చుట్టూ అడవిలో మిగతా స్వాములు. మొత్తం నవ నరసింహులు. జ్వాలా నరసింహుడి దగ్గరికి భవనాశి వాగు పక్కనుంచి రాళ్లెక్కి వెళ్లాలి. హిరణ్యకశిపుణ్ని సంహరించిన చోటు అదేనని మన నమ్మకం. అక్కడ స్వామి కోపమే జ్వాల. దిగువ అహోబిలానికి దగ్గర్లోనే యోగానంద నరసింహుడు ఉన్నాడు. ప్రహ్లాదుడికి స్వామి యోగం నేర్పిన చోటు అది అంటారు. ఒకే దేవుడు, ఒకే అడవి. ఒక చోట మంట, ఇంకో చోట ప్రశాంతత.

ఆళ్లగడ్డలో శిల్పుల వర్క్‌షాపులు రోడ్డు పక్కనే కనిపిస్తాయి. ఉగ్ర నరసింహుడైనా, లక్ష్మీనరసింహుడైనా, యోగ నరసింహుడైనా పుట్టేది రాతిలోంచే. శిల్పి ఉలి ఎక్కడ ఆపాలో తెలిసినవాడు. మన కోపానికీ టెన్షన్‌కీ కూడా ఎక్కడో ఆపే చెయ్యి కావాలి.

పురాణం కథ కొంచెం జాగ్రత్తగా గుర్తు చేసుకుందాం. తమ్ముడు హిరణ్యాక్షుడు పోయాడని హిరణ్యకశిపుడికి దుఃఖం, ఆ దుఃఖంలోంచి పగ. ఆ పగతో ఘోరమైన తపస్సు. ఒంటి మీద పుట్టలు లేచాయి, చీమలు మాంసం తినేశాయి, చివరికి ఎముకలే మిగిలాయని భాగవతం చెబుతుంది. బ్రహ్మ వచ్చి కమండలం నీళ్లు చల్లితే మళ్లీ దేహం వచ్చింది. అంత చిక్కిపోయినా ఆయన మనసులో శాంతి వచ్చిందా? రాలేదు. పగ ఒక్క గ్రాము కూడా తగ్గలేదు.

కడుపు మాడ్చుకుని సన్నబడాలని చూసే ప్రతి ఒక్కరం ఈ కథ ఒకసారి తలుచుకోవాలి. మన మీద మనకే కోపంతో చేసే ఉపవాసం హిరణ్యకశిపుడి తపస్సు లాంటిది. ఒళ్లు తగ్గొచ్చు, బరువు దిగదు.

సంహారం అయ్యాక కూడా నరసింహుడి కోపం చల్లారలేదు. దేవతలు దగ్గరికి పోలేకపోయారు. లక్ష్మీదేవి కూడా వెనకాడింది. అప్పుడు చిన్న పిల్లాడు ప్రహ్లాదుడు నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి పాదాల మీద పడ్డాడు. స్వామి వాడి తల మీద చెయ్యి పెట్టాడు. అంతే, మంట చల్లబడింది. నల్లమల చెంచుల కథలో అయితే చెంచులక్ష్మి వచ్చి స్వామిని మనవాణ్ని చేసుకుంది. అందుకే ఇప్పటికీ పారువేట ఉత్సవంలో స్వామి ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలకి తనే వెళతాడు. రెండు కథల్లోనూ ఒకటే ఉంది. దేవుడి కోపం కూడా ఒంటరిగా చల్లారలేదు. భయపడకుండా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి చల్లారింది.

ఏకాదశి ఉపవాసం, విష్ణుచిత్తుడి వంటిల్లు

రాయలవారు ఉపవాసాలు చేసేవారా? చేశారు. ఆముక్తమాల్యద మొదట్లో ఆయనే ఆ సంగతి చెప్పారు. కళింగ దండయాత్రకి వెళుతూ కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఆగారు. ఆంధ్ర మహావిష్ణువుని సేవించి, ఏకాదశి ఉపవాసం ఉన్నారు. ఆ రాత్రి నాలుగో జాములో స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడు. అలా పుట్టిందే ఆముక్తమాల్యద.

ఇక్కడ ఉపవాసం శిక్ష కాదు. ఒక రోజు ఆగడం. సైన్యం ఆగింది, నోరు ఆగింది, మనసు వినడానికి సిద్ధమైంది.

అదే కావ్యంలో అన్నం గురించి కూడా ఎంత ప్రేమగా రాశారో. విల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు వచ్చిన ప్రతి వైష్ణవుడికీ భోజనం పెడతాడు. ఏ కాలంలో ఏం పెట్టేవాడో రాయలు వరసగా చెప్పారు. వానాకాలంలో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, పెరుగు. ఎండాకాలంలో గోరువెచ్చటి అన్నం, చారు, పల్చటి మజ్జిగ, లేత కొబ్బరి నీళ్లు, పళ్లు. చలికాలంలో వేడి వేడి అన్నం, మిరియాలు వేసిన కూరలు, ముక్కుకి ఎక్కే ఆవపచ్చళ్లు, నెయ్యి, కాచిన పాలు. యుద్ధాల మధ్య తిరిగే చక్రవర్తికి ఏ నెలలో ఏ కూర వండాలో తెలుసు! తిండిని శత్రువుగా చూసే మనిషి ఇలా రాయగలడా?

అదే కావ్యంలో రాజు రోజంతా ఎలా గడపాలో కూడా రాశారు. పొద్దున వైద్యులు, జ్యోతిష్కులతో మాట్లాడాలి. తర్వాత మంత్రులు, లెక్కలు. మధ్యాహ్నం ఒళ్లు పట్టేవాళ్లు, వంటవాళ్లు. దేవపూజ. భోజనం అయ్యాక కథలు చెప్పేవాళ్లు, నవ్వించేవాళ్లు. సాయంత్రం వేగులు, ఆ తర్వాత పాటగాళ్లు. రాత్రి నిద్ర. రాజ్యం ఎంత పెద్దదైనా నవ్వుకీ, నిద్రకీ, వైద్యుడికీ రోజులో చోటు ఉండాలని ఆయన లెక్క.

రాయచూరు: ఉంగరం తీసిన క్షణం

1520 మేలో రాయచూరు యుద్ధం. బిజాపూరు సుల్తాను ఫిరంగుల దెబ్బకి రాయలవారి ముందు వరస చెదిరిపోయింది. సైన్యం వెనక్కి పరిగెత్తుతోంది. న్యూనిజ్ రాసిన ప్రకారం, అప్పుడు రాయలు వేలి ఉంగరం తీసి ఒక కుర్రాడి చేతికి ఇచ్చారు. తను పోతే రాణులకి గుర్తుగా చూపించమని. తర్వాత గుర్రం ఎక్కి ముందుకే కదిలారు. మిగిలిన సైన్యం ఆయన వెనక కదిలింది. యుద్ధం గెలిచారు.

ఇలాంటి ఒత్తిడి మనిషిని చంపదు. వస్తుంది, ఎదుర్కొంటాం, అయిపోతుంది. ఏళ్ల తరబడి తెల్లవారుజామున పట్టిన చెమట ఆ పూట అక్కరకొచ్చింది. ఇలాంటి గండాల కోసమే ఒళ్లు తయారైంది. కానీ తర్వాత వచ్చింది వేరే రకం కష్టం. దాన్ని ఎదుర్కోవడానికి గుర్రం లేదు, కత్తి లేదు.

1524: ఎవరూ దగ్గరికి పోలేని కోపం

రాయలవారికి తిరుమలదేవి వల్ల కలిగిన కొడుకు పేరు తిరుమలరాయలు. ఏడుకొండలవాడి మీద ఉన్న ప్రేమ ఆ పేరులోనే ఉంది. 1513 నుంచి 1521 లోపు ఏడు సార్లు కొండ ఎక్కిన భక్తుడు కదా. ఆ బిడ్డకి ఆరేళ్లు వచ్చేసరికి, తను బతికి ఉండగానే 1524లో పట్టాభిషేకం చేయించారు. నెలల తరబడి సంబరాలు జరిగాయి. ఆ సంబరాల్లోనే పిల్లాడు జబ్బుపడ్డాడు. చనిపోయాడు.

తిమ్మరుసు కొడుకు విషం పెట్టించాడని ఎవరో చెవిలో వేశారు. రాయలు నమ్మారు. న్యూనిజ్ రాసింది చదివితే గుండె బరువెక్కుతుంది. తిమ్మరుసుని, ఆయన కొడుకులని బంధించారు. ఆ తర్వాత కళ్లు తీయించారు. ఒకప్పుడు రాయలవారి కళ్లు కాపాడిన ముసలి మంత్రి, తన కళ్లు పోగొట్టుకుని చెరసాల పాలయ్యాడు.

తిమ్మరుసు తప్పు చేశాడని ఈనాటికీ ఎవరూ రుజువు చేయలేదు. తెలుగు జనం మాత్రం తమ తీర్పు ఎప్పుడో ఇచ్చేశారు. అప్పాజీ నిర్దోషి అనే కథలు చెప్పుకున్నారు, నాటకాలు వేసుకున్నారు, సినిమాలు తీశారు.

ఒక్కసారి ఆలోచించండి. అహోబిలంలో నరసింహుడి కోపాన్ని చల్లార్చింది చిన్న పిల్లాడు. రాయలవారి ఇంట్లో ఆ పిల్లాడే పోయాడు. ఇంకొకరు ఎవరైనా భయపడకుండా దగ్గరికి వెళ్లి రాజా, ఆగు అని చెప్పగలిగేవాళ్లు ఉంటే, అది తిమ్మరుసే. కోపం ముందు ఆయన మీదే పడింది. పేస్ గమనించిన ఆ ఉన్నట్టుండి వచ్చే కోపానికి, ఆపే చెయ్యి లేకుండా పోయింది.

తర్వాత రాయలవారు ఎక్కువ కాలం లేరు. బిజాపూరు మీద మళ్లీ యుద్ధానికి సిద్ధమవుతూ, గజ్జల దగ్గర నొప్పితో మంచాన పడ్డారని న్యూనిజ్ రాశాడు. తమ్ముడు అచ్యుతరాయలకి రాజ్యం అప్పగించారు. 1529 అక్టోబరులో కన్నుమూశారు. దిగులే ఆయన్ని చంపిందని మనం చెప్పకూడదు, అది వైద్యం కాదు, చరిత్రా కాదు. కానీ ఆ చివరి ఐదేళ్లు ఆయన ఎంత ఒంటరిగా మోశారో ఊహించుకోవచ్చు.

ఇంత పెద్ద భక్తుడికి ఇలా ఎందుకు జరిగింది అని కొందరికి అనిపించొచ్చు. భక్తి ఉంటే కష్టం రాదని మన పురాణాలు ఎక్కడా చెప్పలేదు. ప్రహ్లాదుడికే కష్టాలు తప్పలేదు. భక్తి అంటే కష్టంలో ఒంటరి కాకుండా ఉండటం. రోజూ గుడికి వెళ్లినా, ఒంట్లో బలం ఉన్నా, మనసులో మంటని ఎవరికీ చూపించకపోతే అది మనకి దగ్గరివాళ్లనే ముందు కాలుస్తుంది. రాయలవారి జీవితంలో గెలిచిన యుద్ధాల కంటే ఈ ఓడిపోయిన యుద్ధమే మనకి ఎక్కువ నేర్పుతుంది.

మనం ఏం పట్టుకెళదాం?

• వరస మార్చండి. లేవగానే ముందు పది నిమిషాలైనా ఒళ్లు కదపండి. తర్వాత స్నానం, దీపం, ఒక్క నామం. ఫోన్ ఆ తర్వాత. సన్నబడటానికి కాదు, ఆ రోజు భారం మోయడానికి.

• కాలానికి తగ్గట్టు తినండి. ఎండలో మజ్జిగ, చలిలో మిరియాల చారు. నంద్యాల ప్రాంతంలో జొన్నరొట్టె, కొర్రన్నం మన తాతల తిండి. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఇప్పటికీ కొర్ర రకాల మీద పని జరుగుతోంది. ఇలాంటి తిండి నెమ్మదిగా అరుగుతుంది, ఆకలి తొందరగా రాదు. ఖరీదైన డైట్ ప్యాకెట్లు అవసరం లేదు.

• ఉపవాసం శిక్షలా చేయకండి. ఏకాదశి నాడు చేస్తే ఆ రోజు పనిని కూడా కొంచెం ఆపండి. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, మందులు వాడేవాళ్లు, తిండి విషయంలో ఇదివరకే ఇబ్బంది పడినవాళ్లు డాక్టర్ని అడగకుండా చేయొద్దు. స్వామి ఏమీ అనుకోడు.

• నిద్రని దొంగిలించకండి. రాజ్యం ఏలినవాడే రాత్రిని నిద్రకి వదిలేయాలన్నాడు. మన ప్రాజెక్టు అంతకంటే పెద్దది కాదు కదా.

• కారణం లేకుండా బరువు త్వరగా పెరిగినా, తగ్గినా పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ కావొచ్చు, షుగర్ కావొచ్చు. అన్నిటికీ టెన్షనే కారణం అని సరిపెట్టుకోకూడదు. దిగులు వారాల తరబడి వదలకపోతే మానసిక వైద్యుణ్ని కలవడంలో సిగ్గు లేదు. రాయలవారి దినచర్యలో మొదటి మాట వైద్యుడితోనే.

• ఎదుటివాళ్ల ఒళ్లు గురించి మాట్లాడకండి. లావెక్కావ్, చిక్కిపోయావ్ అనే బదులు, ఎలా ఉన్నావ్ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.

• అన్నిటికంటే ముఖ్యం, మీ అప్పాజీని దూరం చేసుకోకండి. మీ మొహం మీద కోపం చూసి కూడా దగ్గరికి వచ్చే మనిషి ఒకరు ఉంటారు. అమ్మ, అన్న, స్నేహితుడు, గురువు, ఎవరైనా సరే. బాగా కోపంలో, దుఃఖంలో ఉన్నప్పుడు ఎవరో చెవిలో వేసిన మాట మీద వాళ్ల గురించి నిర్ణయం తీసుకోకండి. ఒక రాత్రి ఆగండి.

ఎప్పుడైనా ఆళ్లగడ్డ వైపు వెళితే అహోబిలంలో జ్వాలా నరసింహుణ్ని ఒక్కరినే చూసి వచ్చేయకండి. యోగానంద స్వామి దగ్గర కూడా కాసేపు కూర్చోండి. తిరుగు దారిలో మహానందిలో కోనేటి స్వచ్ఛమైన నీళ్లు చూడండి. ఆ కొండలు ఎక్కితే ఎన్ని క్యాలరీలు కరుగుతాయో లెక్క పెట్టుకోకండి. ఏ బరువు అక్కడ దించి రావాలో మాత్రం ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వెళ్లండి.

ఈ పోస్టు టెన్షన్‌లో ఉన్న మీ ఫ్రెండ్‌కి ఎవరికైనా పనికొస్తుందనిపిస్తే పంపండి. పంపడంతో ఆపకుండా ఒకసారి ఫోన్ కూడా చేయండి. మీ దినచర్యలో ఏ ఒక్కటి మార్చబోతున్నారో కామెంట్‌లో రాయండి, అందరం చదువుదాం. వచ్చే వీడియోలో నంద్యాల నవనందుల యాత్రతో కలుద్దాం.

జై నరసింహ! లోకాః సమస్తాః సుఖినో భవంతు.